ఇరోకో: టేకు కాదు, అయినా తలుపులకి నమ్మకమైన కలప

డిపోల్లో 'ఆఫ్రికన్ టేకు' అని అమ్మే కలపల్లో ఇరోకో ఒకటి. టేకుతో దీనికి చుట్టరికమేమీ లేదు, ఇది పనస కుటుంబపు చెట్టు. కోసిన రోజు పసుపు పచ్చగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. పనస చెక్కతో పనిచేసినవాళ్లకి ఈ తీరు తెలిసిందే. ఘనాలో దీన్ని ఓడుమ్ అనీ, తూర్పు ఆఫ్రికాలో మ్వులే అనీ అంటారు. 'ఘనా టేకు' మాత్రం వేరు, అది అక్కడి తోటల్లో పెంచిన అసలు టేకే.

తూకం చూసి ఏది ఏదో పోల్చలేం. ఆరిన ఇరోకో సీఎఫ్‌టీకి (ఘనపుటడుగుకి) 18-19 కిలోలు, టేకూ దాదాపు అంతే. కోసిన కొస చూడండి. టేకులో ఏడాది వలయాలు స్పష్టంగా కనబడతాయి, ఇరోకోలో పెద్ద రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి. టేకుకుండే జిడ్డు, తోలు వాసన దీనికి ఉండవు.

ఇరోకో చేవకి, అంటే మాను నడిమి గట్టి చెక్కకి, చెదలు, కుళ్లు తేలిగ్గా పట్టవు. బాగా ఆరాక ఉబ్బడం, కుంచించుకోవడం కూడా తక్కువే. అందుకే గుమ్మాలకీ, కిటికీలకీ, పడవలకీ భేషుగ్గా పనికొస్తుంది. అంచున రెండు మూడంగుళాల తెల్లచెక్కకి మాత్రం ఈ బలం లేదు, పురుగు పడుతుంది. దాన్ని కొలతలోంచి తీసేయించాకే డబ్బు కట్టండి.

అసలు చిక్కు చెక్క లోపలి 'రాయి'. చెట్టుకి దెబ్బ తగిలినచోట సున్నం పేరుకుని గట్టిపడుతుంది. పైకి కనబడకపోవచ్చు, చుట్టూ చెక్క కాస్త నల్లబారి ఉంటే అనుమానించాలి. మామూలు రంపపు పళ్లు దానికి తగిలాయంటే మొద్దుబారినట్టే. కార్బైడ్ పళ్ల బ్లేడే వాడాలి. ఆ నల్లమచ్చ దగ్గర ముందు ఉలితో గీరి చూడండి: తెల్లటి పొడి రాలి, నిమ్మరసం చుక్కకి నురగొస్తే అది రాయే. ఆ ముక్క కోసి పారేయడమే మేలు.

పీచు పొర పొరకీ దిశ మారుతుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు పెచ్చులు లేస్తాయి. బ్లేడుకి అప్పుడే పదును పెట్టి, పల్చగా తియ్యాలి. కోసేటప్పుడు రేగే రంపపు పొట్టు చర్మానికి దురద, కొందరికి ఉబ్బసం తెస్తుంది, మాస్కు లేకుండా కొయ్యకూడదు.

వాన తగిలే తలుపుకి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వెయ్యండి. మామూలు ఇనుప మర తడిస్తే చుట్టూ నల్లమరక దిగుతుంది, వార్నిష్ కింద అది ఇక పోదు.