డబ్బా మీద ‘ఏఆర్‌ఈడీఎస్‌ 2’ అని ఉంది కదా అని కొనేయకండి

సైటు పేరు రాయను. కంటి బిళ్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లకి ఎవరో అర్థమైపోతుంది. మాక్యులా జబ్బు (వయసుతో రెటీనా నడిమి భాగం దెబ్బతినేది) మధ్య దశలో ఉండి, సిగరెట్లు మానేసిన పెద్దాయన కోసం తెప్పించింది. అట్టపెట్టె మీద ఇంతింత అక్షరాలతో ‘ఏఆర్‌ఈడీఎస్‌ 2 ఫార్ములా’, అంటే వయసుతో వచ్చే కంటి జబ్బుల మీద అమెరికాలో చేసిన రెండో అధ్యయనం ప్రకారం కలిపిన విటమిన్లు, ఖనిజాలని. లోపలి సీసా మీద చూస్తే బీటా కెరోటిన్ 15 మి.గ్రా.!

అది 2001 నాటి మొదటి అధ్యయనం పాత ఫార్ములా సరుకు. 2013లో రెండో అధ్యయనం తేల్చిందే, బీటా కెరోటిన్ బదులు ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మి.గ్రా. వాడమని. ఎందుకంటే బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ కనిపించింది, వాళ్లలో చాలామంది సిగరెట్లు మానేసినవాళ్లే. ఫిన్లాండ్‌లో 1994లోనే, పొగతాగేవాళ్లకి రోజుకి 20 మి.గ్రా. ఇస్తే ఆ క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

ఇదంతా ఫోన్‌లో చెప్తే కస్టమర్ కేర్ మహాతల్లి నవ్వుతూ, “క్యారెట్‌లో ఉండేదే కదండీ, క్యారెట్లు కూడా మానేస్తారా?” అంది. కూరలో క్యారెట్‌కీ, రోజూ మింగే 15 మి.గ్రా. బిళ్లకీ తేడా తెలియనివాళ్లు మందులమ్ముతున్నారు! పైగా “సీల్ తీశారుగా, రిటర్న్ కుదరదు”. పెట్టె విప్పకుండా లోపలి సీసా చదవాలంటే దివ్యదృష్టి ఉండాలి. అదే ఉంటే ఈ బిళ్లలెందుకమ్మా?

ల్యూటిన్ లెక్క ఇంకో మాయ. ‘ల్యూటిన్ 10 మి.గ్రా. (20 శాతం బంతిపూల సారం)’ అట. ఆ 10 మి.గ్రా. సారం బరువైతే అసలు ల్యూటిన్ 2 మి.గ్రా. మాత్రమే. జింక్ 12. అధ్యయనంలో వాడింది 80, లేదా తక్కువలో తక్కువ 25. జింక్ అంత పడితే రాగి తగ్గి రక్తహీనత రావచ్చని పక్కన 2 మి.గ్రా. రాగి కలుపుతారు, ఇందులో అదీ లేదు. విటమిన్ సి 500 మి.గ్రా., ఇ 400 ఐయూ మాత్రమే సరిగ్గా ఉన్నాయి. ‘శుక్లాలు కరుగుతాయి’ అని కూడా రాశారు. శుక్లాల మీద ఆ ఫార్ములా ప్రభావమేమీ కనిపించలేదు. అసలు అది పనికొచ్చేదే మధ్య దశలో, లేదా ఒక కంట్లో జబ్బు ముదిరినవాళ్లకి. అదీ ముదిరే ముప్పుని ఐదేళ్లలో పాతిక శాతం దాకా తగ్గించడమే, పోయిన చూపు రాదు.

కొనేముందు వెనక లేబుల్ ఫొటో అడగండి, అంకెలు ఒక క్యాప్సూల్‌కా రెండింటికా చూడండి. బిళ్ల భోజనంతో వేసుకోవాలి, ల్యూటిన్‌కి నూనె తోడుండాలి. తిన్నని గీతలు వంకరగా కనిపిస్తే బిళ్లలు పక్కనపెట్టి వెంటనే రెటీనా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. ఇలాంటి సరుకు తగిలితే వినియోగదారుల ఫిర్యాదు నంబరు 1915.