డార్ట్‌మూర్ "సూర్యోదయ రాళ్ళ టూర్" లింక్ వస్తే డబ్బు కట్టకండి

ఆ లింక్ మీకూ వచ్చే ఉంటుంది. రాళ్ళ వరుస, దాని చివర ఎర్రటి సూర్యుడి ఫోటో, కింద "5000 ఏళ్ళ నాటి ఖగోళ యంత్రం, సైన్స్ నిరూపించింది, జూన్ 21 సూర్యోదయం, మనిషికి 65 పౌండ్లు". ఇంగ్లండ్‌లో ఎక్సెటర్, ప్లిమత్, బ్రిస్టల్ మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. నడిపేది ఎవరో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయను. మేం నలుగురం వెళ్ళాం. అంటే 260 పౌండ్లు, పైగా తెల్లవారుజామున చలి ఉచితం. ఒళ్ళు మండుతుంటే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

స్థలం మెరివేల్, ఇంగ్లండ్ నైరుతి మూల డార్ట్‌మూర్ బీడుకొండల మీద. టావిస్టాక్ నుంచి ప్రిన్స్‌టౌన్ వెళ్ళే బి3357 రోడ్డు పక్కనే. పూర్వకాలపు మనుషులు పాతి నిలబెట్టిన రాళ్ళవి రెండు జంట వరుసలు, పొడవుది 260 మీటర్ల పైచిలుకు, పొట్టిది 180 మీటర్ల పైచిలుకు. రెండింటి మధ్య నుంచి సన్నటి నీటి కాలువ పారుతుంది. ఫోటోలో కాలువే లేదు, రాళ్ళేమో మనిషిని మించిన ఎత్తు. ఇక్కడ చాలా రాళ్ళు మోకాలి దగ్గరే ఆగిపోయాయి. అప్పుడే అనుమానం రావాలి. ఫోటో డార్ట్‌మూర్ మీదే మరోచోట ఉన్న డౌన్ టార్ వరుసదని తర్వాత ఒక మిత్రుడు చెప్పాడు. ఆ డౌన్ టార్ వరుసలో పడిపోయిన రాళ్ళను 1894లో మళ్ళీ నిలబెట్టారు. అంటే పోస్టరు మీదున్న "5000 ఏళ్ళ గురి"లో కొంత విక్టోరియా రాణి కాలం పెద్దమనుషులది కూడా.

మా నాన్న పాలమూరు వైపు మండల సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఇత్తడి దిక్సూచి లేకుండా ఊరు దాటరు, సముద్రం దాటినా అంతే. గైడు మమ్మల్నందరినీ పడమటి కొసన నిలబెట్టి, "ఈ రాళ్ళ మధ్యలోంచి నేరుగా చూడండి, సూర్యుడు సరిగ్గా అక్కడే వస్తాడు" అన్నాడు. నాన్న దిక్సూచి మూత తెరిచి, ఒక కన్ను మూసి చూసి, నా చెవిలో, "బిడ్డా, ఇది ఎనభై డిగ్రీల మీదుంది. ఆయన గాడికెళ్ళి ఎట్లొస్తడు?" అన్నారు.

ఫోన్లో చూశాను. ఇక్కడి అక్షాంశానికి జూన్ 21న సూర్యుడు ఉత్తరం నుంచి 51 డిగ్రీల దగ్గర లేస్తాడు. కొండ అడ్డం వచ్చి ఆలస్యంగా కనిపిస్తే ఇంకో నాలుగైదు డిగ్రీలు కుడికి జరుగుతాడు, అంతే. మెరివేల్ వరుసలేమో ఉత్తరం నుంచి ఎనభై దగ్గర, అంటే దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. తేడా పాతిక డిగ్రీలకు తగ్గదు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు. అలాంటి పిడికిళ్ళు రెండున్నర పక్కకు లేచే సూర్యుణ్ణి "సరిగ్గా" అంటారా?

నేనే వెళ్ళి గైడుని మర్యాదగా అడిగాను. "ఇక్కడ దిక్సూచి పనిచేయదు, రాళ్ళలో శక్తి ఉంది" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. రోడ్డు దాకా నడిచివెళ్ళి, తారు మీద నిలబడి మళ్ళీ చూసుకుని వచ్చారు. అదే అంకె. ఈసారి ఆయనే, వచ్చిన ఇంగ్లీషులో, ఎయిటీ అని చెప్పారు.

అప్పుడు అందరూ వినేలా ఆ మహానుభావుడు అన్న మాట: "సార్, మీ దేశంలో ఇలాంటివి ఉండవు కదా. కొలవడం ఆపి ఫీల్ అవ్వండి." ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాన్న దిక్సూచి మూత టక్కున వేసి జేబులో పెట్టుకున్నారు. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం ఇంకా గొంతులో ముల్లులా ఉంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచినవన్నీ కారెక్కాక తోచాయి.

మా దేశంలో ఉండవట! నారాయణపేట జిల్లా కృష్ణా మండలం ముడుమాల్‌లో, కృష్ణానది ఒడ్డున, మనిషికి రెండింతల ఎత్తు నిలురాళ్ళు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు వాటి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఒక బండ మీద గుంటలు తొలిచి సప్తర్షి మండలం చూపించారని చెబుతారు. ఆ స్థలం 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. నాన్న నౌకరీ చేసింది ఆ చుట్టుపక్కలే. అక్కడి వరుసలు కూడా అయనాల నాటి సూర్యోదయాలకు కలుస్తాయంటారు. దానికీ ఇదే దిక్సూచి పెట్టి చూడాలనే నాన్న వాదన, నాదీ అదే. మన దగ్గర జూన్‌లో సూర్యుడు తూర్పు నుంచి ఉత్తరానికి పాతిక డిగ్రీలే జరుగుతాడు, ఇక్కడ నలభైకి దగ్గరగా. ఆ తేడా తెలిసిన మనిషికి "ఫీల్ అవ్వండి" అని పాఠం!

సరే, సూర్యుడు వచ్చాడు. రావాల్సిన చోటే, వరుసకు బాగా ఎడమన, కొండ మీద. గైడు తొణకలేదు. "అందరూ ఇటు తిరగండి, ఈ రాయి నుంచి ఆ కొండ కొమ్ముకి చూడండి" అన్నాడు. ఏదో ఒక రాయి నుంచి ఏదో ఒక కొమ్ముకి గీత గీస్తే ఎవరికైనా సూర్యుడు దొరుకుతాడు. జనం ఫోటోలు తీసుకున్నారు. నేనూ తీశాను, కట్టిన డబ్బుకి.

చివర్లో 20 పౌండ్లకి చార్టు అమ్మాడు. దాని మీద "సర్ నార్మన్ లాక్‌యర్ నిరూపించిన సూర్యోదయ రేఖ" అని ఉంది. చార్టు కొనలేదు గానీ ఇంటికొచ్చి లాక్‌యర్ గురించి చదివాను. బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త, చిన్న మనిషి కాదు. నేచర్ పత్రిక పెట్టింది ఆయనే. 1868లో గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్‌తో పాటు హీలియం కనుగొన్న కథలో చెప్పుకునే పేరు ఆయనదే. కానీ మెరివేల్ గురించి ఆయన అన్నది సూర్యుడి మాట కాదు, కృత్తికల మాట. ఈ వరుసలు కృత్తికా నక్షత్రాలు ఉదయించే చోటుని చూపుతాయని 1900ల మొదట్లో రాశాడు. అంటే పెద్దాయన పేరు వాడుకుంటూ ఆయన అనని మాటని అమ్ముతున్నారు.

ఆ కృత్తికల వాదన కూడా ఇవాళ పురావస్తు వాళ్ళు పెద్దగా ఒప్పుకోరు. కారణం తేలికే. సుమారు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున నక్షత్రాల స్థానాలు జరుగుతుంటాయి. ముందు నక్షత్రాన్ని ఎంచుకుని, అది వరుసకి కలిసే శతాబ్దం వెతికి, అదే వరుస వయసు అంటే ఏ వరుసకైనా ఏదో ఒక చుక్క కలుస్తుంది. డార్ట్‌మూర్ మీద డెబ్బైకి పైగా వరుసలున్నాయి, తలో దిక్కుకి. ఎర్మ్ నది ఎగువన ఉన్నదైతే మూడు కిలోమీటర్లు దాటి వంకర్లు తిరుగుతూ పోతుంది. దాన్ని ఏ చుక్కకి గురి పెడతారు? స్కాట్లండ్ వరుసల్లో చంద్రుడి లెక్కలున్నాయని అలెగ్జాండర్ థామ్ అనే ఇంజినీరు 1960లలో, 70లలో ఎంతో శ్రద్ధగా కొలిచి వాదించాడు. తర్వాత ప్రాచీన ఖగోళం మీద పరిశోధన చేసే క్లైవ్ రగుల్స్ మళ్ళీ వెళ్ళి చూసి, అంత సూక్ష్మమైన గురి ఉందనడానికి ఆధారం లేదన్నాడు. అలాగని ఆకాశంతో అసలు సంబంధమే లేదని కూడా ఎవరూ తేల్చలేదు. చాలా వరుసల కొసన సమాధి గుట్టలు ఉన్నాయి, నడిచి వెళ్ళే దారులేమో అనేవాళ్ళూ ఉన్నారు. ఇంత మంచి గొడవని దాచిపెట్టి "సైన్స్ నిరూపించింది" అని అమ్మడమే నా కడుపుమంట. నిజం చెప్పి అదే 65 తీసుకుంటే సంతోషంగా ఇచ్చేవాణ్ణి.

రీఫండ్ అడిగితే "అనుభూతికి రీఫండ్ ఉండదు" అని మెసేజ్, పక్కన దణ్ణం బొమ్మ. రెండోసారి అడిగితే గ్రూపులోంచి తీసేశారు. కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో వివాదం వేశాను, వస్తుందో లేదో చూడాలి.

మీరు వెళ్ళాలనుకుంటే మామూలుగా వెళ్ళండి. మెరివేల్‌కి టికెట్ లేదు, పాత కట్టడాల సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్ చూసుకునే స్థలం, ఎప్పుడైనా ఉచితం. గట్టి బూట్లు వేసుకోండి, నేలంతా బురద. ఏ టూరుకైనా డబ్బు కట్టాల్సి వస్తే బ్యాంకు బదిలీ మాత్రం చేయకండి, కార్డుతోనే కట్టండి. అన్నట్టు అదే లింక్ డిసెంబరు 21 సూర్యాస్తమయం పేరుతో మళ్ళీ తిరుగుతోంది. అదే వరుస, అటు వైపు నుంచి. ధర 75 చేశారు.