ఆసుపత్రి సిబ్బందికి హెపటైటిస్-బి టీకా: మందుకు ఫుల్ మార్కులు, వేసే తీరుకు సగమే

నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, చెత్త సంచులు మోసే ఆయా, వీళ్లలో ఎవరికైనా ఈ టీకా వేయించే బాధ్యత ఆసుపత్రిదే. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో ధనుర్వాతం టీకాతో కలిపి దీన్ని పేరు పెట్టి మరీ రాశారు. కాంట్రాక్టు మనుషులని పక్కన పెట్టడానికి అందులో వీల్లేదు. ఎక్కువగా పక్కన పడేది మాత్రం వాళ్లే.

ముందు మందు సంగతి. పెద్దల డోసు 1 మి.లీ., అందులో ఈస్ట్ కణాల్లో తయారుచేసిన వైరస్ పైపొర ప్రోటీన్ 20 మైక్రోగ్రాములు. అసలు వైరస్ ఉండదు కాబట్టి టీకాతో జబ్బు రాదు. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పి, కొందరికి కాస్త జ్వరం, అంతే. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చేదాకా దిగుమతి సరుకే దిక్కు. ఇప్పుడు దేశీ బ్రాండ్లు చాలానే ఉన్నాయి. మధ్యలో బ్రాండ్ మారినా కోర్సు చెడదు.

ఇంత మంచి మందు చెడేది ఫ్రిజ్‌లో. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి కంటే గడ్డకట్టడమే దీనికి పెద్ద ప్రమాదం: మందును పట్టి ఉంచే అల్యూమినియం లవణం ముద్దకట్టి, టీకా పనికిరాకుండా పోతుంది. మామూలు ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు ఆనించి వయల్స్ పెడితే జరిగేది ఇదే. గడ్డకట్టిందని అనుమానం వస్తే పారేయడమే.

సూది భుజం కండరంలోకి దిగాలి. ఒక అంగుళం సూది చాలామందికి సరిపోతుంది, బాగా లావుగా ఉంటే ఒకటిన్నర. పిరుదుకు వేస్తే మందు కొవ్వులో మిగిలిపోయి యాంటీబాడీలు సరిగా రావు.

0, 1, 6 నెలల కోర్సులో మూడోది మరిచిపోవడం మామూలే. అలాంటప్పుడు మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగించండి. తొందరపడీ వేయకూడదు: రెండోదానికీ మూడోదానికీ కనీసం 8 వారాలు, మొదటిదానికీ మూడోదానికీ కనీసం 16 వారాలు ఎడం ఉండాలి.

సగం మార్కులు తీసేసింది మాత్రం టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీల మోతాదు, చూసే దగ్గర. మూడు డోసుల కార్డు ఫైల్లో పెట్టి చేతులు దులుపుకునే ఆసుపత్రులే ఎక్కువ. చివరి డోసు వేసిన 1–2 నెలలకు ఆ మోతాదు కొలిచే యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించాలి. మి.లీ.కు 10 మిల్లీ యూనిట్లు (mIU/mL) లేదా అంతకు మించి వస్తే సరి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తర్వాత బూస్టర్ అక్కర్లేదు. తక్కువ వస్తే ఇంకో మూడు డోసులు, మళ్లీ పరీక్ష. నలభై దాటినవాళ్లు, లావున్నవాళ్లు, పొగతాగేవాళ్లలో ఇలా తక్కువ రావడం ఎక్కువ. ల్యాబ్ చీటీలో 'హెచ్‌బీఎస్ఏజీ' అని రాస్తే అది వేరే పరీక్ష. ఒంట్లో వైరస్ ఉందా అనేదే చెబుతుంది. పైగా టీకా వేసిన కొత్తలో, 18 రోజుల వరకూ, ఊరికే పాజిటివ్ చూపించి హడలెత్తించగలదు.

రెండు కోర్సులకూ స్పందించనివాళ్లకు, వైరస్ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వాలి. కిలో బరువుకు 0.06 మి.లీ., వీలైతే 24 గంటల్లోపే. నెల తర్వాత మళ్లీ ఒకటి. ఇది ఖరీదైన మందు, ప్రతి మందుల షాపులోనూ ఉండదు. రాత్రి డ్యూటీలో ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని క్యాజువాలిటీ గోడకు అంటించి ఉంచండి.