గేట్ స్టైపెండా, ఫౌండేషన్ స్కాలర్‌షిప్పా? ముందు తేదీలు చూడండి

మార్చిలో ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి సీట్లు తేలేదాకా నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "మేడమ్, గేట్ స్టైపెండ్ చాలా, ఫౌండేషన్ల స్కాలర్‌షిప్పులకి కూడా పెట్టాలా? ఏది మేలు?" విజయనగరం చుట్టుపక్కల కాలేజీల్లో పదిహేనేళ్లుగా మెకానికల్ పాఠాలు చెబుతున్నాను కాబట్టి అడగడంలో వింత లేదు. ఇన్నాళ్లూ "ఎవరు ఎక్కువిస్తే వాళ్లది తీసుకోండి" అనేసేదాన్ని. మా చెల్లెలి కూతురి ఎంటెక్ వ్యవహారం దగ్గరుండి చూశాక ఆ జవాబు మార్చుకున్నాను.

మా మరిదికి, అంటే ఆ పిల్ల తండ్రికి, బొబ్బిలిలో చిన్న లేత్ షాపు. పిల్లకి హైదరాబాద్ వైపు ఒక కాలేజీలో సీటొచ్చిందని తెలిసిన రోజు, షాపులో జాబ్ వర్కులు రాసుకునే పొడుగు పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను అన్ని స్కీములూ, మొత్తాలూ చెప్పుకుంటూ పోతున్నాను. ఆయన ఓపిగ్గా విని, "వదినగారూ, ఎంతిస్తారో తర్వాత సూసుకుందాం. ఎప్పుడిస్తారో సెప్పండి" అన్నాడు. ఎడమ పేజీలో మనం కట్టాల్సిన తేదీలు, కుడి పేజీలో మనకు రావాల్సిన తేదీలు రాశాడు. ఎడమ పేజీ జూలైతో మొదలైంది. కుడి పేజీలో మొదటి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆయనకి చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు.

గేట్ క్వాలిఫై అయ్యి ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలనెలా ఇచ్చే ప్రభుత్వ డబ్బే స్టైపెండ్. దాని లెక్క ఇదీ. నెలకు 12,400, ఇరవై నాలుగు నెలలు, మొత్తం 2,97,600. ఐఐటీల్లో అయితే దీనికి బదులుగా వారానికి 8 గంటలు ల్యాబులోనో ట్యుటోరియల్‌లోనో పని చేయాలి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) అనుమతి ఉన్న కాలేజీలో, గేట్ క్వాలిఫై అయ్యి చేరితే రాజాంలో చదివినా టెక్కలిలో చదివినా అదే 12,400. రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ మీద చేరినవాళ్లకు రాదు. ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే దూరంలో సీటు దొరికితే హాస్టల్ ఖర్చు ఉండదు కాబట్టి ఈ డబ్బుకి విలువ ఎక్కువ. ఇంటి దగ్గర చదవడం నామోషీ అనుకునే పిల్లలు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

నా ఎంటెక్ రోజుల్లో స్టైపెండ్ 5,000. తర్వాత 8,000 అయింది, 2014 ప్రాంతంలో 12,400 దగ్గరికొచ్చి కూర్చుంది. పీహెచ్‌డీ పరిశోధకులకిచ్చే, అప్పట్లో 25,000 ఉన్న జేఆర్‌ఎఫ్ 2019లో 31,000కి, 2023లో 37,000కి పెరిగింది. ఎంటెక్ పిల్లల మెస్ బిల్లు మాత్రం పెరగలేదని ఎవరో నమ్మినట్టున్నారు.

అయినా నాకు ఎక్కువ చికాకు పెట్టింది మొత్తం కాదు, అది వచ్చే దారి. కాలేజీ వాళ్లు పిల్ల పేరు మీద ఐడీ తీయాలి. పత్రాలు ఎక్కించాలి, నెలనెలా హాజరు ధ్రువీకరించాలి. బ్యాంకు ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతా అయి ఉండాలి, పిల్ల ఒక్కదాని పేరునే ఉండాలి. జాయింట్ ఖాతా కుదరదు, జన్‌ధన్ కుదరదు. మా పిల్లది స్కూల్ రోజుల్లో వాళ్లమ్మతో కలిసి తెరిచిన జాయింట్ ఖాతా. అది తిరిగొచ్చి, కొత్త ఖాతా తెరిచి, ఆధార్ జోడించేసరికి రెండు నెలలు పోయాయి. ఆ తప్పు మాదే, ఎవర్నీ అనేది లేదు. మిగతా ఆలస్యం మాత్రం ఆఫీసు కిటికీ దగ్గర జరిగింది. "రేపు పంపిస్తాం" అనే రేపు అక్కడ నవంబర్ దాకా నడిచింది. ఆగస్టులో చేరిన పిల్లకి జనవరిలో ఐదు నెలల స్టైపెండ్ కలిపి 62,000 పడింది. అందులో చాలావరకు అప్పటికే పేరుకుపోయిన హాస్టల్ బకాయిలకు పోయింది.

ఈలోగా ఎడమ పేజీ ఆగదు కదా. ఫీజుకీ అడ్వాన్సుకీ మరిది తెలిసినాయన దగ్గర లక్షన్నర తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 3,000. స్టైపెండ్ ఐదు నెలలు ఆలస్యమైతే వడ్డీ 15,000. ఒక నెల స్టైపెండ్ కంటే ఎక్కువే. ఈ ఖర్చు ఏ స్కీము కాగితంలోనూ కనబడదు. మొదటి రూపాయి ఏ తేదీన చేతిలో పడుతుందన్నది నేను ఇంత పట్టించుకోవడానికి కారణం ఇదే.

ఇక ఫౌండేషన్లు. ఇంజనీరింగ్ పరిశ్రమల లాభాల నుంచో, వాటి యజమానుల ఆస్తి నుంచో పుట్టిన ట్రస్టులు చదువుకి డబ్బివ్వడం కొత్త సంగతి కాదు. లండన్‌లో 1851లో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనలో మిగిలిన డబ్బుతో పరిశోధకులకు స్కాలర్‌షిప్పులు పెట్టారు. న్యూజిలాండ్ నుంచి భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ కేంబ్రిడ్జి చేరింది ఆ డబ్బుతోనే. మన అణు శాస్త్రవేత్త హోమీ భాభాకి కూడా 1930లలో అదే నిధి నుంచి సాయం అందింది. తర్వాత 1944లో ఆయన ఉత్తరం రాసింది సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకి, దాన్నుంచే టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థ పుట్టింది. కాబట్టి "కంపెనీ డబ్బు కదా, మనల్ని ఏదో అడుగుతారు" అని భయపడే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. ట్రస్టు వేరు, చదువయ్యాక మా దగ్గరే పని చేయాలని రాయించుకునే కంపెనీ బాండ్ వేరు. రెండూ కలిపి చూడకండి.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా అడిగేది రిలయన్స్ ఫౌండేషన్ పీజీ స్కాలర్‌షిప్ గురించి. కోర్సు మొత్తానికి 6 లక్షల వరకు, దేశం మొత్తం మీద ఏటా 100 మంది వరకు. కంప్యూటర్స్, ఎలక్ట్రికల్, మెకానికల్, కెమికల్, మెటీరియల్స్ లాంటి కొన్ని సబ్జెక్టులకే. గేట్‌లో 550కి తగ్గని స్కోరు ఉండాలి, గేట్ రాయనివాళ్లకి బీటెక్‌లో 7.5 సీజీపీఏ ఉండాలి. సంవత్సరం ఖర్చులకు ఎక్కువ భాగం ముందుగానే ఇస్తారు, కొంత భాగం కాన్ఫరెన్సులకూ ట్రైనింగులకూ ఉంచుతారు. బాండ్ లేదు.

బాగుంది కదా! కానీ పుస్తకం తెరిచి చూడండి. అప్లై చేయాల్సింది అప్పటికే పీజీ మొదటి ఏడాదిలో చేరినవాళ్లు. అంటే చేరడానికి కావాల్సిన డబ్బు దీన్నుంచి రాదు. ఆ తర్వాత వ్యాసాలు, సిఫార్సు ఉత్తరాలు, ఇంటర్వ్యూ దాటాలి. మొదటి సెమిస్టర్ గడిచేది మీ సొంత డబ్బుతోనే. వందమందిలో మన పేరు ఉంటుందన్న నమ్మకంతో సీటు తీసుకోకూడదు. గేట్ స్టైపెండ్ అర్హత ఉంటే ఆలస్యంగానైనా వచ్చేది, ఇది వస్తే వచ్చేది.

సిఫార్సు ఉత్తరాల గురించి ఒక మాట. మన దగ్గర పిల్లలు చివరి రోజు సాయంత్రం వచ్చి "ఏదో ఒకటి రాసేయండి మేడమ్" అంటారు. మేమూ "కష్టపడే స్వభావం, మంచి నడవడిక" అని రాసేస్తాం. ఆ ఉత్తరం ఇంటర్వ్యూ గది దాకా చేరదు. నెల ముందు వచ్చి, మీరు ల్యాబులో ఏం చేశారో, ఎక్కడ చెడగొట్టి ఎలా సరిచేశారో గుర్తు చేయండి. అప్పుడు మాకూ రాయడానికి సరుకు ఉంటుంది.

మా పిల్లకి వచ్చింది ఇంకో చిన్న ట్రస్టు నుంచి, ఒక యంత్రాల తయారీ కుటుంబం పెట్టింది. మొత్తం రెండున్నర లక్షలు. లక్షా పాతిక మార్చిలో, ఇంకో లక్షా పాతిక రెండో ఏడాది మొదట్లో. అసలు చిక్కు అప్పుడే వచ్చింది. ఏఐసీటీఈ స్టైపెండ్ తీసుకుంటూ ఇంకో చోట నుంచి స్టైపెండ్, జీతం లాంటివి తీసుకోకూడదని నిబంధన. రెండింట్లో ఒకటి వదలాలి. మార్చి నుంచి మిగిలిన స్టైపెండ్ 17 నెలలకి 2,10,800. ట్రస్టుది రెండున్నర లక్షలు. తేడా నలభై వేల లోపే. మా చెల్లి "నెలనెలా వచ్చేదే నయం, చేతిలో ఉంటే ఖర్చయిపోతాది" అంది. పిల్ల "పెద్దమ్మా, నువ్వే చెప్పు" అని నా మీదకు తోసింది.

మరిది పుస్తకం తీశాడు. మార్చిలో లక్ష అసలుకి కట్టేస్తే వడ్డీ నెలకు 3,000 నుంచి 1,000కి దిగుతుంది. ఆ మిగిలే రెండు వేలకి ఇంకో మూడు వేలు కలిపి తనే నెలనెలా పంపుతానన్నాడు. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడే పని తప్పుతుంది. స్టైపెండ్ వదులుకుంటున్నట్టు కాగితం రాసిచ్చి, దానికి రసీదు తీసుకుని, ట్రస్టు డబ్బు తీసుకున్నాం. రసీదు ఎందుకంటే, తర్వాత ఎవరైనా రెండూ తీసుకున్నారంటే చూపించడానికి.

పరిశోధన చేసేవాళ్లకు ఒకేసారి వచ్చే డబ్బు ఎందుకు మేలో రెండో ఏడాదిలో ఇంకా బాగా తెలిసింది. పిల్ల థీసిస్ గోగునారతో ఎపాక్సీ కాంపోజిట్, అంటే నారని ఎపాక్సీ రెజిన్‌తో కలిపి గట్టి పలకలు చేయడం. నార మన నెల్లిమర్ల వైపు నుంచే, నేనే మూట కట్టి రైల్లో పంపాను. నారని 5 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, అచ్చులో పరిచి రెజిన్ పోస్తారు. మొదటి బ్యాచ్ వానల్లో చేసింది. నార పైకి ఆరినట్టే ఉంది, లోపల చెమ్మ ఉంది. పలక కోసి చూస్తే అంచు పొడుగునా సన్నని బుడగలు. లాగి బలం చూసే టెన్సైల్ మెషీన్‌లో పెడితే తెగాల్సిన చోట తెగకుండా పొరలుగా విడిపోయింది. పన్నెండు ముక్కలూ వృథా. మళ్లీ రెజిన్ కొనాలి, బయటి ల్యాబులో సూక్ష్మదర్శినికి మళ్లీ కట్టాలి. రెండో లక్షా పాతిక చేతిలో ఉంది కాబట్టి ఆ వారమే ఓవెన్ బుక్ చేసుకుని మొదలుపెట్టింది. 12,400 కోసం ఎదురుచూస్తూ ఉంటే మెస్ బిల్లు కట్టాలా, రెజిన్ కొనాలా అన్న టెన్షన్‌లోనే ఇంకో రెండు నెలలు పోయేవి. స్టైపెండ్ ఇరవై నాలుగో నెలతో ఆగిపోతుంది, థీసిస్ ఆగదు.

కాబట్టి పరిశోధన వైపు మనసున్న ఎంటెక్ పిల్లలకు నా మొగ్గు ఫౌండేషన్ వైపే, మొత్తాలు దగ్గర దగ్గరగా ఉన్నా సరే. కానీ సీటు తీసుకోవాల్సింది స్టైపెండ్ లెక్క మీద. మొదటి సెమిస్టర్‌కి రెండు రూపాయల వడ్డీకి పోకుండా ముందు బ్యాంకులో విద్యారుణం అడగండి. 7.5 లక్షల వరకు మామూలుగా ఆస్తి తాకట్టు అడగరు. మేం ఆ పని ఆలస్యంగా మొదలుపెట్టాం.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఎల్ అండ్ టీ కంపెనీ ఇచ్చే బిల్డ్ ఇండియా స్కాలర్‌షిప్ మంచిదే, సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లకు. ఐఐటీ, ఎన్ఐటీల్లో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదివిస్తారు, ఫీజు వాళ్లదే, ఉద్యోగమూ వాళ్లదే, బాండ్ ఉంటుంది. ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు, పరిశోధన కావాలనుకునేవాళ్లకు ఇది దారి కాదు.

విదేశాలకైతే జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి, కె.సి. మహీంద్రా ట్రస్టు 1956 నుంచి ఇస్తున్నాయి. నరోత్తమ్ సేఖ్‌సరియా ఫౌండేషన్ కూడా ఉంది. పేరులో స్కాలర్‌షిప్ అని ఉన్నా ఇవన్నీ తిరిగి కట్టాల్సిన అప్పులే. మహీంద్రా, సేఖ్‌సరియా వాళ్లవి వడ్డీ లేనివి. అక్కడి ఒక సెమిస్టర్ ఫీజు పక్కన పెట్టి చూస్తే ఇవి చేయి కలిపేవే తప్ప భారం మోసేవి కావు.

పీహెచ్‌డీకైతే ఈ చర్చ అక్కర్లేదు. ఐఐటీ, ఎన్ఐటీల ఫెలోషిప్ 37,000తో మొదలై తర్వాత 42,000 అవుతుంది, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 70,000తో మొదలు, పైన ఏడాదికి 2 లక్షల పరిశోధన గ్రాంట్. వస్తే కళ్లకద్దుకుని తీసుకోండి.

ఈ ఏడాది గేట్ రాసినవాళ్లలో ఎవరికైనా అమ్మతోనో నాన్నతోనో జాయింట్ ఖాతా ఉంటే, ఫలితాల కోసం చూడకుండా ఈ వారమే సొంత పేరున సేవింగ్స్ ఖాతా తెరిచి ఆధార్ జోడించుకోండి. బ్యాంకుకి ఉదయం పదిన్నరకే వెళ్లండి. మధ్యాహ్నం దాటితే మా ఊళ్లో సర్వర్ డౌన్ అంటారు.