సగం రైలు లక్సెంబర్గ్‌కి, మేమున్న సగం ఇంకెక్కడికో

2024 అక్టోబర్. నేను జర్మనీ వచ్చి ఏడాది, మా రూమ్మేట్ వచ్చి మూడు వారాలు. వాడిది తెనాలి. ఇద్దరి దగ్గరా డాయిష్‌లాండ్ టికెట్ ఉంది. అప్పట్లో నెలకు 49 యూరోలు, 2025లో 58 చేశారు. దానితో దేశమంతా సిటీ బస్సులు, ట్రామ్‌లు, మామూలు రైళ్లు ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి హైస్పీడ్ రైళ్లు మాత్రం కుదరవు. లక్సెంబర్గ్‌లోనేమో 2020 మార్చి నుంచి దేశం మొత్తం బస్సు, ట్రామ్, రైలు ఉచితం, ఫస్ట్ క్లాస్ తప్ప. అంటే చార్జీలకు అదనంగా పైసా పెట్టకుండా ఇంకో దేశం చూసి రావొచ్చు. ఇంక ఆగుతామా!

శనివారం పొద్దున్నే కోబ్లెంజ్‌లో రైలెక్కాం. కిటికీలోంచి పసుపు పచ్చగా మారిన ద్రాక్ష తోటలు. మావాడు తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర డబ్బా బ్యాగులో. పదిహేను నిమిషాల్లో ఇద్దరం నిద్రలోకి జారుకున్నాం.

"రేయ్, లేవరా. ట్రియర్ దాటి చాలాసేపైంది. బోర్డర్ రాలేదేంటి?"

ఈ రైలు సరిహద్దుకు దగ్గరున్న జర్మన్ ఊరు ట్రియర్‌లో రెండుగా విడిపోతుంది. సగం లక్సెంబర్గ్‌కి, సగం సార్‌బ్రూకెన్ వైపు. స్టేషన్ బోర్డు మీద ఏ పెట్టెలు ఎటు వెళ్తాయో రాసే ఉంటుంది, మేమే చూడలేదు. డబుల్ డెక్కర్ సగమే లక్సెంబర్గ్‌ది. మేం రెండో దాంట్లో ఉన్నాం.

టెన్షన్‌గా తర్వాతి స్టేషన్‌లో దిగితే అది సార్‌బుర్గ్. తిరుగు రైలుకు టైముందని ఊళ్లోకి నడిచాం. అక్కడ ఊరి నడిబొడ్డున, కాఫీ షాపుల మధ్య, దాదాపు 18 మీటర్ల జలపాతం! పైన కుర్చీల్లో జనం కేకు తింటున్నారు, వాళ్ల కాళ్ల కింద నుంచే నీళ్లు దూకుతున్నాయి. కింద పాతకాలపు మిల్లు చక్రాలు. 13వ శతాబ్దంలో వాగుని ఊళ్లోకి మళ్లించారట. నన్నడిగితే మొత్తం ట్రిప్‌లో మొదటి మార్కు దీనికే. మేం ప్లాన్‌లో రాసుకోని ఊరు ఇదొక్కటే.

రాత్రికి ట్రియర్ చేరి హాస్టల్లో ఆరు పడకల గదిలో సర్దుకున్నాం. రూమ్ శుభ్రం, వేడి నీళ్లు బాగున్నాయి. దుప్పటి గలేబులు మనమే తొడుక్కోవాలి, పొద్దున మనమే తీసి బుట్టలో వేసి రావాలి. లాకర్‌కి తాళం మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మేం తేలేదు, పాస్‌పోర్టులు తల కింద పెట్టుకుని పడుకున్నాం.

ఆదివారం షాపులన్నీ బంద్. ఆ సంగతి తెలిసి కూడా నేను శనివారం సరుకులు కొనలేదు, తప్పు నాదే. రోమన్లు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన పాత నగర ద్వారం పోర్టా నిగ్రా ముందు కూర్చుని పులిహోరే టిఫిన్ చేశాం. ఆ పక్కనే ఒక ట్రాఫిక్ లైటులో ఆకుపచ్చ బొమ్మ గడ్డంతో నడుస్తోంది. కార్ల్ మార్క్స్! ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే, 1818లో. మావాడు ఆ లైటు పచ్చబడినప్పుడల్లా వీడియో తీస్తూ, రోడ్డు మాత్రం దాటలేదు.

లక్సెంబర్గ్ ఇక్కడి నుంచి గంటలోపే. ట్రామ్‌లో టికెట్ మిషన్ కోసం వెతికే అలవాటు పోవడానికి కాసేపు పట్టింది. కొండ మీది పాత ఊరి నుంచి లోయలోకి దింపే ఫాఫెంతాల్ లిఫ్ట్ కూడా ఉచితమే. 71 మీటర్ల ఎత్తు, చుట్టూ అద్దాలు. నాలుగుసార్లు ఎక్కి దిగాం. తిండి ధరలు మాత్రం చుక్కల్లో ఉన్నాయి, కాబట్టి పగలు చూసి రాత్రికి వచ్చేయడమే మేలు. ట్రియర్‌కి మాత్రం రెండు రోజులిచ్చినా చాలవు.

తిరుగు ప్రయాణంలో అసలు ట్విస్టు. ఆ సెప్టెంబర్ నుంచే ఈ సరిహద్దులోనూ జర్మనీ తనిఖీలు మొదలుపెట్టింది. ఇద్దరు పోలీసులు రైల్లోకి వచ్చి పాస్‌పోర్ట్ అడిగారు. నాది జేబులో ఉంది. మావాడిది బ్యాగు అడుగున, పులిహోర డబ్బా కింద ఉంది. మూత సరిగ్గా పట్టలేదు. వీసా పేజీ మీద పసుపు నూనె మరక. పోలీసాయన పేజీని వెలుతురుకి పెట్టి చూశాడు, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు, తుమ్మాడు. అంత ఇంగువ ఎందుకు వేశావురా అని అప్పుడు నేనేమీ అనలేదు.