టోఫూ సూపా, బార్బెక్యూనా, కాంబోనా? కొరియన్ టోఫూ హౌస్‌లో ఏది మేలు?

అమెరికాలో ఏ కొరియన్ టోఫూ హౌస్‌కి వెళ్లినా మెనూలో సగం సూప్‌లే ఉంటాయి. కిమ్చి (ఊరబెట్టిన క్యాబేజీ), సీఫుడ్, పుట్టగొడుగులు, బీఫ్, పోర్క్, డంప్లింగ్, ఏది తీసుకున్నా దాదాపు అదే ఎర్రటి రసం, అదే మెత్తటి టోఫూ, అంటే సోయా పాలతో చేసే పన్నీర్ లాంటిది. మిగతా సగం మాంసం: గాల్బి (మసాలా పట్టించిన బీఫ్ పక్కటెముకలు), బుల్గోగి (పల్చగా కోసి మసాలా పట్టించిన మాంసం), కారం పట్టించిన పోర్క్. ఎక్కడో ఓ మూల ఈ రెండూ కలిపిన కాంబోలు. మనవాళ్లలో ఎక్కువమంది చూపు ముందు మాంసం మీదకే పోతుంది, సూప్ అంటే భోజనానికి ముందు తాగే చిన్న గిన్నెడు అనుకుని పక్కన పెట్టేస్తారు. అక్కడ అసలు భోజనమే అది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇద్దరో ముగ్గురో మామూలు రోజున ఆకలితో వెళ్తే సూప్ తీసుకోండి, మాంసం కూడా కావాలనిపిస్తే కాంబో తీసుకోండి. బల్ల మధ్యలో పొయ్యి పెట్టుకుని కాల్చుకు తినే బార్బెక్యూ వేరే సంగతి, దానికి తీరిక ఉండాలి, జనం ఉండాలి.

ముందు సూప్ సంగతి. కొరియన్లు సూన్‌డుబు జిగే అంటారు, ఇక్కడి మెనూల్లో సూన్ టోఫూ అని ఉంటుంది. సోయా పాలు విరగ్గొట్టాక ఆ ముద్ద మీద బరువు పెట్టి నీళ్లు పిండితే మనం కొనే గట్టి టోఫూ అవుతుంది, పిండకుండా అలాగే వదిలేస్తే ఈ సూప్‌లో వేసే టోఫూ. చెంచాతో తీస్తే జున్నులా కదులుతుంది, నోట్లో నమలాల్సిన పని ఉండదు. కొరియా తూర్పు తీరంలో గంగ్‌నుంగ్ అనే ఊళ్లో చోదాంగ్ పేట దీనికి పేరు మోసింది, అక్కడ సముద్రపు నీళ్లతోనే పాలు విరగ్గొడతారు. సూప్‌కి అడుగు రసం సాధారణంగా ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు మరిగించి తీసిందో, బీఫ్ ఎముకలదో. అందులో కొరియన్ కారప్పొడి, వెల్లుల్లి పడతాయి. నల్లటి మట్టి గిన్నెలో వండి, ఆ గిన్నెతోనే తెచ్చి పెడతారు, బల్ల మీద పెట్టాక కూడా కాసేపు కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. పక్కన ఒక పచ్చి గుడ్డు ఇస్తారు. అది మాటల్లో పడి ఆలస్యం చేయకుండా గిన్నె రాగానే కొట్టి వేయాలి. పచ్చసొన జారుగా ఉండాలంటే కదపకుండా వదిలేయండి, బాగా ఉడకాలంటే చెంచాతో టోఫూ కిందకి నెట్టండి.

కారం గురించి ఒక మాట. మెనూలో తెల్లది, మైల్డ్, మీడియం, స్పైసీ, ఎక్స్‌ట్రా స్పైసీ అని ఉంటాయి, పేర్లు హోటల్‌ని బట్టి కొంచెం మారతాయి. కొరియన్ కారప్పొడికి రంగు ఎక్కువ, ఘాటు గుంటూరు మిరపకాయంత ఉండదు. రోజూ ఆవకాయ తినే నాలుకకి స్పైసీ చక్కగా సరిపోతుంది, ఎక్స్‌ట్రా స్పైసీ అడిగితే మాత్రం రసం రుచి కారం కింద కప్పబడిపోతుంది. పిల్లలకి తెల్లది, అంటే కారం లేనిది తీసుకోవచ్చు. గిన్నె మాత్రం వాళ్ల చేతికి అందేంత దగ్గర పెట్టొద్దు, విడి గిన్నెలోకి తీసి చల్లార్చి ఇవ్వండి.

సూప్‌ని నేను ఇంతగా వెనకేసుకు రావడానికి సగం కారణం దానితో వచ్చే అన్నం. మంచి టోఫూ హౌస్‌లో అన్నం ఎవరిది వాళ్లకి విడిగా రాచ్చిప్పలో వండుతారు. వేడివేడిగా తెచ్చి, పైఅన్నం మీ గిన్నెలోకి తీసి, అడుగున అంటుకున్న మాడు మీద వేడి నీళ్లో బార్లీ టీయో పోసి మూత పెట్టి వెళ్తారు. కొన్ని చోట్ల ఆ పని మీరే చేసుకోవాలి. భోజనం అయ్యేసరికి ఆ మాడు నాని మెత్తగా గంజిలా అవుతుంది, కారం తిన్న నోటికి ఆ కమ్మటి గంజి ఎంత హాయిగా ఉంటుందో తాగితేనే తెలుస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే బిల్లు అడిగేస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది. ఇక నంజుకోవడానికి బాంచన్: కిమ్చి, సోయా మొలకలు, ముల్లంగి, దోసకాయ, కొన్ని చోట్ల మనిషికో చిన్న వేయించిన చేప కూడా. ఇవన్నీ సూప్ ధరలోనే వస్తాయి, కిమ్చి లాంటివి అయిపోతే మళ్లీ అడగొచ్చు, మొహమాటపడక్కర్లేదు.

ఈ ఒక్క సూప్‌ని నమ్ముకుని లాస్ ఏంజెలిస్ కొరియాటౌన్‌లో హోటళ్లు దశాబ్దాల పాటు నడిచాయి. బెవర్లీ సూన్ టోఫూ 1986లో మొదలై 2020లో కోవిడ్ రోజుల్లో మూతపడింది. బీసీడీ టోఫూ హౌస్‌ని లీ హీ సూక్ అనే ఆవిడ 1996లో అక్కడే తెరిచారు, ఆ పేరు సియోల్‌లోని బుక్‌చాంగ్‌డాంగ్ పేట పేరు నుంచి వచ్చింది. ఆవిడ 2020లో చనిపోయారు, ఆ హోటళ్లు మాత్రం కొన్ని రాష్ట్రాల్లో నడుస్తూనే ఉన్నాయి. సూప్, రాచ్చిప్ప అన్నం, బాంచన్ కలిపి ఒక మనిషికి ఒక పూర్తి భోజనం అనే పద్ధతి అమెరికాలో ఇంత పాకిందంటే ఇలాంటి హోటళ్ల వల్లే.

ఇప్పుడు బార్బెక్యూ. ఇది చెడ్డదని నేననను, నలుగురైదుగురు స్నేహితులు శుక్రవారం సాయంత్రం తీరిగ్గా కూర్చుంటే దీన్ని మించింది లేదు. బొగ్గుల పొయ్యి అయితే మరీ మంచిది, గ్యాస్ పొయ్యి మీద ఆ పొగ వాసన రాదు. మసాలా పట్టించని మాంసం ముందు కాల్చాలి, అంటే పోర్క్ బెల్లీ ముక్కలు, పల్చటి బ్రిస్కెట్ (బీఫ్ రొమ్ము మాంసం). సోయా సాస్, చక్కెర, బేరి పండు గుజ్జు పట్టించిన గాల్బి తర్వాత వేయాలి, లేకపోతే ఆ తీపి జాలీకి అంటుకుని మాడిపోయి తర్వాత వేసినవన్నీ చేదెక్కుతాయి. జాలీ నల్లబడితే మార్చమని అడగండి, అది వాళ్లకి రోజూ ఉండే పనే. పటకారుతో తిప్పడం, కత్తెరతో ముక్కలు చేయడం, లెట్యూస్ ఆకులో మాంసం, వెల్లుల్లి రెబ్బ, కొంచెం సామ్‌జాంగ్ (సోయా, కారం కలిపిన ముద్ద) పెట్టి ఉండ చుట్టి ఒకేసారి నోట్లో పెట్టుకోవడం, పోర్క్ కొవ్వులో కిమ్చి వేయించుకోవడం, వీటన్నిటిలో సరదా ఉంది.

కానీ ఆ సరదాకి అయ్యే ఖర్చు కూడా చూడాలి. విడిగా ఆర్డర్ చేస్తే చాలా చోట్ల కనీసం రెండు ప్లేట్లు తీసుకోవాలంటారు, ఒక్కరే వెళ్తే ఆ దారి మూసుకున్నట్టే. తిన్నంత అనే పద్ధతి ఉన్న చోట బల్ల దగ్గర కూర్చున్న అందరూ అదే తీసుకోవాలి, గంటన్నర రెండు గంటల గడువు ఉంటుంది, మిగిల్చితే అదనంగా వేస్తారు. ఊరిని బట్టి మనిషికి 30 నుంచి 40 డాలర్లు, ఇంకా పైన కూడా, టిప్పు, టాక్సు దీనికి అదనం. మీ గుంపులో ఒకరు బీఫ్ తినరు, ఒకరు శనివారం మాంసం ముట్టరు, ఇద్దరు పిల్లలు నాలుగు ముక్కలు తిని లేచిపోతారు, మరి అంత ధర అందరికీ కట్టడం ఏం న్యాయం? పైగా డబ్బు గిట్టుబాటు చేసుకోవాలని రుచి చూడకుండా గబగబా తినేస్తాం, ఒకరు మొత్తం సేపు కాల్చడంలోనే ఉండిపోతారు, ఆ వాసన జాకెట్‌కి పట్టి మర్నాటి దాకా వదలదు. సూప్ అయితే చాలా ఊళ్లలో 20 డాలర్లకి అటూ ఇటూగా అయిపోతుంది, గంటలోపు తిని బయటపడొచ్చు.

ఇంకో లెక్క కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏది ఇంట్లో చేసుకోగలం? మసాలా పట్టించి సిద్ధంగా ఉంచిన ఎల్‌ఏ గాల్బి, అంటే ఎముకకి అడ్డంగా పల్చగా కోసిన బీఫ్ పక్కటెముకలు, హెచ్ మార్ట్ అనే కొరియన్ కిరాణా దుకాణాల్లో దొరుకుతాయి. పెరట్లో గ్రిల్ ఉంటే కొద్ది నిమిషాల్లో కాలిపోతాయి, హోటల్‌కి దగ్గరగానే వస్తుంది రుచి. సూప్‌కి కావాల్సిన గొట్టం ప్యాకెట్ టోఫూ కూడా అక్కడే ఉంటుంది, చేసుకుంటే బాగానే ఉంటుంది, కానీ ఆ రసం, విడిగా రాచ్చిప్పలో వండిన అన్నం, అరడజను రకాల బాంచన్ మనిద్దరి కోసం ఇంట్లో ఎవరు చేస్తారు? హోటల్‌కి డబ్బు పెట్టేది ఇంట్లో కుదరని దానికే అనుకుంటే సూప్‌దే పైచేయి.

మధ్యేమార్గం కాంబో. సూప్ మామూలుగానే వస్తుంది, గాల్బి మాత్రం వంటింట్లోనే కాల్చి ఉల్లిపాయ ముక్కల మీద చుయ్‌మనే ఇనప పళ్లెంలో తెస్తారు. నిప్పు మీద నుంచి నేరుగా నోట్లోకి వెళ్లే ముక్క రుచి దీనికి రాదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ సరిగ్గా కాలి వస్తుంది, బట్టలకి వాసన పట్టదు, కారం సూప్ రెండు చెంచాలు, తియ్యటి మాంసం ఒక ముక్క, మళ్లీ అన్నం, అలా మార్చి మార్చి తింటుంటే రెండిటి రుచీ పెరుగుతుంది. ఒక్కరికి కాంబో ఎక్కువవుతుంది. ఇద్దరు వెళ్తే ఒకరు కాంబో, ఒకరు విడి సూప్ తీసుకుని మాంసం పంచుకోండి, నాకు తెలిసి ఆ మెనూలో డబ్బుకి ఇంతకన్నా మంచి బేరం లేదు. బీఫ్ తినని వాళ్లు చికెన్ బుల్గోగి కానీ కారం పోర్క్ కానీ ఉందేమో అడగాలి. ఉత్తగా బుల్గోగి అని రాసి ఉంటే అది బీఫే.

శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి, ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను. మెనూలో వెజిటబుల్ సూన్ టోఫూ అని ఉన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. పైన కూరగాయలే ఉంటాయి, అడుగు రసం నెత్తళ్లదో బీఫ్‌దో అయ్యుండొచ్చు. కిమ్చిలో చేపల సాస్, ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలు సాధారణంగా పడతాయి. "వెజిటేరియన్" అని ఒక్క మాట అంటే సరిపోదు, రసం దేంతో కాచారు, మాంసం, చేప, ఆల్చిప్పలు లేకుండా మామూలు నీళ్లతో చేస్తారా అని విడివిడిగా అడగండి. కొన్ని హోటళ్లు చేస్తాయి, కొన్ని రసం ముందే కాచి పెట్టుకుంటాయి కాబట్టి కుదరదంటాయి. కుదరదంటే వేరే చోటికి వెళ్లడమే మంచిది. బార్బెక్యూ హోటల్‌లో వాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం, అదే జాలీ మీద పుట్టగొడుగులు కాల్చుకోవాలి, ధర అందరితో సమానంగా కట్టాలి. నలుగురిలో ఒక్క శాకాహారి ఉన్నా బార్బెక్యూ ఆలోచన మానేసి, రసం సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కుని టోఫూ హౌస్‌కే వెళ్లండి.

అలాంటి నలుగురికి నేనైతే ఇలా చెప్తాను: ఒక గాల్బి కాంబో, అందులో సూప్ సీఫుడ్, స్పైసీ. ఇంకొకటి కిమ్చి సూప్, మీడియం. శాకాహారికి నీళ్లతో చేసిన పుట్టగొడుగుల సూప్, గుడ్డు తినకపోతే ఆ గుడ్డు పక్కవాళ్లకి. బీఫ్ తినని మనిషికి సూప్ బదులు చికెన్ బుల్గోగి ప్లేటు. ఆకలి ఇంకా మిగిలితే సీఫుడ్ పాన్‌కేక్ ఒకటి చివర్లో చెప్పుకోవచ్చు, ముందే చెప్తే అది తినేసి సూప్ మిగిలిస్తారు.