మోషన్‌లో ఆసిలేట్: కీఫ్రేముల చాకిరీ తప్పింది, చాలావరకు

కదిలే టైటిళ్లూ గ్రాఫిక్సూ చేసే మ్యాక్ సాఫ్ట్‌వేర్ యాపిల్ మోషన్. దాని ధర, దానికి ఎలాంటి మ్యాక్ కావాలి వగైరా అందరూ రాసేశారు, అవి వదిలేస్తున్నాను. వైజాగ్‌లో పెళ్లి వీడియోలకీ, నగల షాపుల ప్రకటనలకీ ఏళ్ల తరబడి దీంతోనే పని చేస్తున్నాను. దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే, పారామీటర్ బిహేవియర్లు, అంటే ఏదైనా ఒక సెట్టింగ్‌కి తగిలించే రెడీమేడ్ కదలికలు. సెట్టింగులుండే ఇన్‌స్పెక్టర్ ప్యానెల్‌లో ఒపాసిటీ (బొమ్మ ఎంత గాఢంగా కనబడాలన్నది) మీదో రొటేషన్ మీదో రైట్ క్లిక్ కొట్టి రాండమైజ్, రిగిల్, ఆసిలేట్, ర్యాంప్‌లలో ఏదో ఒకటి తగిలిస్తే ఆ విలువ దానంతటదే ఆడుతుంది. కీఫ్రేమ్, అంటే ఫలానా క్షణానికి ఫలానా విలువ అని చేత్తో పెట్టే గుర్తు, ఒక్కటి కూడా పెట్టక్కర్లేదు.

కస్టమర్ మాట మార్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. "పది సెకన్లు చాలండీ" అన్న షాపాయనే, అంతా అయిపోయాక "కేబుల్ వాళ్లకి ఇరవై కావాలట" అంటాడు. టైమ్‌లైన్‌లో బిహేవియర్ బార్ చివర పట్టుకుని లాగితే సరి. ర్యాంప్ మాత్రం విలువని ఒక అంకె నుంచి ఇంకో అంకెకి తీసుకెళ్లేది కాబట్టి బార్ పెరిగితే నెమ్మదిస్తుంది, అది చూసుకోవాలి.

దీపం మంటకి నేను వాడేది రిగిల్. రాండమైజ్ మరీ కంగారుగా ఉంటుంది, రిగిల్ అదే పని నిదానంగా చేస్తుంది. ఒక దీపాన్ని కాపీ చేసి అయిదు పెడితే అయిదూ ఒకే తాళంలో రెపరెపలాడతాయి, ఎందుకంటే అన్నిటికీ రాండమ్ సీడ్ (కదలిక ఏ వరసలో రావాలో తేల్చే అంకె) ఒకటే. ఒక్కోదానికీ సీడ్ మార్చాలి.

అసలు కథ రుషికొండ వైపు జరిగిన ఒక సంగీత్‌లో. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ మీద పది సెకన్ల దీపాల లూపు సాయంత్రమంతా తిరగాలి. రిహార్సల్ నడుస్తుండగా గాజువాక నుంచి వచ్చిన వాల్ ఆపరేటర్ కుర్రాడు పిలిచాడు. "ఏటి గురువుగారూ, దీపాలకి పదేసి సెకన్లకోసారి ఎక్కిళ్లొస్తన్నాయి?" నిజమే. రిగిల్ ఎక్కడ మొదలైందో అక్కడికి తిరిగి రాదు కాబట్టి, చివరి ఫ్రేమ్ నుంచి మొదటి ఫ్రేమ్‌కి దూకేటప్పుడు మంట ఉలిక్కిపడుతోంది. ఫోనులో కనబడదు. అంత పెద్ద వాల్ మీద దాక్కోదు. పక్కనే పెళ్లికూతురి మేనమామ, "బానే ఉంది కదా బాబూ" అంటున్నారు గానీ, ఒకసారి కంటబడ్డాక ఇక అదే కనిపిస్తుంది.

గట్టెక్కించింది ఆసిలేటే, విలువని లోలకంలా అటూ ఇటూ ఊపే బిహేవియర్. అందులో స్పీడ్ అంటే నిమిషానికి ఎన్ని ఊపులు అని. పది సెకన్ల లూపు నిమిషానికి ఆరుసార్లు తిరుగుతుంది, కాబట్టి స్పీడ్ ఆరు గుణిజమైతే లూపు చివర ఊపు మొదటికే వచ్చి ఆగుతుంది. ఒక్కటే పెడితే ఊయలలా మరీ క్రమంగా ఉంటుందని, రిగిల్ తీసేసి ఒకే ఒపాసిటీ మీద మూడు పెట్టాను. స్పీడ్‌లు 42, 66, 102, యాంప్లిట్యూడ్‌లు (ఊపు ఎంత పెద్దదన్నది) 9, 6, 4. అసలు ఒపాసిటీ 80 దగ్గర ఉంచాను, మూడూ ఒకేసారి పైకి లేచినా వంద దాటదు. ఫేజ్, అంటే ఊపు ఎక్కణ్నుంచి మొదలవ్వాలన్నది, ఒక్కో దీపానికీ వేరు. పది సెకన్లలో మూడూ 7, 11, 17 ఊపులు పూర్తి చేస్తాయి గానీ మధ్యలో ఎక్కడా కలిసి నడవవు. మంట నిజంగానే గాలికి ఆడుతున్నట్టు వచ్చింది, ఎక్కిళ్లు లేవు. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన సరిగ్గా 250 ఫ్రేముల దగ్గర ఆపాలి, ఒక్కటి ఎక్కువైనా మొదటి ఫ్రేమ్ రెండుసార్లు పడుతుంది.

కీఫ్రేమ్ ఒక్కటీ అక్కర్లేదన్నాను గానీ, డోలు దెబ్బ మీద లోగో వాలాలంటే మాత్రం ఇప్పటికీ కీఫ్రేములే పెడతాను. ఒకే పారామీటర్ మీద రెండూ ఉంటే కీఫ్రేమ్ ఎడిటర్‌లో రెండు గీతలు కనిపిస్తాయి, అందులో బిహేవియర్ గీతని పట్టుకుని కదపలేం. కొత్తవాళ్లకి తల తిరుగుతుంది. ‘కన్వర్ట్ టు కీఫ్రేమ్స్’ ఉంది గానీ, అది నొక్కితే బిహేవియర్ పోయి కీఫ్రేముల గుంపు మిగులుతుంది, యాంప్లిట్యూడ్ తగ్గించమంటే ఒక్క అంకెతో అయ్యే పని కాదిక. ముందే డూప్లికేట్ తీసిపెట్టుకుంటాను.

నేను ఒంటరిగా పని చేసుకునేవాణ్ని, మ్యాక్ ముందే ఉంది. ద్వారకానగర్‌లో మా ఫ్రెండు స్టూడియో అంతా విండోస్, వాళ్లు అడోబీ వాళ్ల ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఎక్స్‌ప్రెషన్ (చిన్న కోడ్) రాసి ఇవే పనులు చేస్తారు. మోషన్ కోసం కంప్యూటర్లు మార్చమని వాళ్లకి చెప్పను. లూపులు, దీపాలు, ఊగే పూలదండలు రోజూ చేసేవాళ్లయితే తీసుకోవచ్చు. క్యారెక్టర్ యానిమేషన్ కోసమైతే నా మాట లెక్కలోకి తీసుకోకండి, నేను ఆ పని చేయను.